బావిలోకి దిగే ముందు: గని ఉద్యోగాలు, వాటికి చేరే దారులు

గని ఉద్యోగం అనగానే తలకు టోపీ, దానికి లైటు, చేతిలో తట్ట గుర్తొస్తాయి. నిజానికి ఒక బొగ్గు బావి నడవాలంటే బొగ్గు తీసేవాళ్ల వెనక గాలి లెక్క చూసేవాళ్లు, పైకప్పు చూసేవాళ్లు, మ్యాపు గీసేవాళ్లు, మోటార్లు చూసేవాళ్లు, నీళ్లు తోడేవాళ్లు ఉండాలి. ప్రతి పనికీ వేరే అర్హత, వేరే దారి. ఏ దారిలో వెళ్లినా ఒక విషయం మారదు. ఇక్కడ మనిషిని మెట్టు ఎక్కించేది చట్టం గుర్తించే సర్టిఫికెట్, దాని వెనక కాగితం మీద రుజువయ్యే అనుభవం. సర్దార్ (ఒక పని ప్రాంతపు భద్రత చూసే వ్యక్తి) సర్టిఫికెట్ లేని మనిషికి 20 ఏళ్ల అనుభవం ఉన్నా, భూగర్భ గనిలో ఒక డిస్ట్రిక్టు, అంటే గనిలోని ఒక పని ప్రాంతం, బాధ్యత అప్పగించడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి మొదటి ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతంతో పాటు, ఆ అనుభవం ఏ పరీక్షకు పనికొస్తుందో కూడా చూసుకోవాలి.

ఈ సర్టిఫికెట్లు ఇచ్చేది ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్. అందరూ డీజీఎంఎస్ అంటారు. 1902లో మొదలైన సంస్థ ఇది. గనుల చట్టం 1952లో వచ్చింది. బొగ్గు గనులకు 2017 నాటి నిబంధనలు, మిగతా గనులకు 1961 నాటి నిబంధనలు తయారయ్యాయి. దరఖాస్తు చేసే ముందు డీజీఎంఎస్ వెబ్‌సైటులో తాజా ప్రకటన చదవండి. అనుభవం ఎన్నేళ్లు కావాలి, ఏ పేపరు నుంచి మినహాయింపు ఉంది అనేవి మారుతుంటాయి. సీనియర్లు చెప్పే లెక్క చాలాసార్లు వాళ్ల కాలం నాటిది.

మొదటి అడుగు: ఏ గని, ఎలాంటి గని

ముందు రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకోండి. బొగ్గా, వేరే ఖనిజమా? భూగర్భమా, ఓపెన్‌కాస్టా, అంటే నేల పైనుంచే తవ్వే గనా?

బొగ్గు అంటే తెలుగు నేల మీద సింగరేణి. 1871లో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు పొరలు గుర్తించడంతో దాని కథ మొదలైంది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సంస్థ అది. గనులు కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు నుంచి భూపాలపల్లి, రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి దాకా పరుచుకుని ఉన్నాయి. బొగ్గు కాని గనుల్లో మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియం, చీమకుర్తి గ్రానైట్, సిమెంటు కంపెనీల సున్నపురాయి క్వారీలు ముఖ్యమైనవి. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌ఎండీసీ ఇనుప గనులు ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలాలో ఉన్నాయి.

రెండు వైపులా మెట్లు దాదాపు ఒకటే, పేర్లు వేరు. బొగ్గులో సర్దార్ అనే వ్యక్తి మిగతా గనుల్లో మేట్. సర్దార్ల మీద షిఫ్టు చూసే ఓవర్‌మన్‌కు జోడీ ఫోర్‌మన్. పేలుళ్లు చేసే షాట్‌ఫైరర్‌కు జోడీ బ్లాస్టర్. ఆపైన సెకండ్ క్లాస్ మేనేజర్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ రెండు చోట్లా ఉన్నాయి. అయితే ఒక వైపు సర్టిఫికెట్ రెండో వైపు నేరుగా చెల్లదు. గ్రానైట్ క్వారీలో తెచ్చుకున్న మేట్ సర్టిఫికెట్‌తో బొగ్గు బావిలో సర్దార్‌గా చేరలేరు.

రెండో ప్రశ్నలోనే ఎక్కువ మంది దెబ్బతింటారు. ఓపెన్‌కాస్టులోనే పనిచేసిన అనుభవంతో పరీక్ష రాస్తే వచ్చేది రెస్ట్రిక్టెడ్ సర్టిఫికెట్. అది ఓపెన్‌కాస్టుకే పరిమితం. భూగర్భ అనుభవం చూపిస్తే అన్‌రెస్ట్రిక్టెడ్ వస్తుంది, అది రెండింటికీ చెల్లుతుంది. సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది కనుక కింద దిగడం ఎందుకని కుర్రవాళ్లు అనుకుంటారు. పాతికేళ్ల వయసులో దిగకపోతే నలభైలో దిగే అవకాశం దాదాపు ఉండదు. శిక్షణ సమయంలోనే భూగర్భ గని అడిగి వేయించుకోవడం మంచిది.

రెండో అడుగు: మీ చదువు ఎక్కడ ఉంది

పదో తరగతి లేదా ఐటీఐ. బదిలీ వర్కర్‌గానో (రానివాళ్ల బదులు పనిచేసే కార్మికుడు) జనరల్ మజ్దూర్‌గానో చేరి లోపలి నుంచి ఎదగడం ఒక దారి. సింగరేణిలో ఈ స్థాయి నియామకాల్లో కార్మికుల వారసులకు ఇచ్చే కారుణ్య నియామకాలు చాలా ఉంటాయి. బయటివాళ్లకు ప్రకటన వచ్చినప్పుడు రాత పరీక్ష ఉంటుంది. ఐటీఐ చేసిన ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ ముందు అప్రెంటిస్ చేయడం మేలు. అది ఉద్యోగ హామీ కాదు, కానీ గని యంత్రాలు చేతికి అలవాటవుతాయి.

మైనింగ్ డిప్లొమా. పాలిసెట్ ద్వారా సీటు. కొత్తగూడెం, బెల్లంపల్లి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఈ కోర్సుకు పేరున్నవి. ఖర్చుకు, కాలానికి తగ్గ ఫలితం అన్నిటికంటే ఎక్కువగా ఇచ్చే దారి ఇదే. కోర్సు అయ్యాక పీడీపీటీ అనే ఏడాది గని శిక్షణ చేయాలి. దక్షిణాది వాళ్లకు ఈ శిక్షణ వ్యవహారాలు చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ బోర్డు పరిధిలోకి వస్తాయి, స్టైపెండ్ ఉంటుంది. ఈ ఏడాది తర్వాత ఓవర్‌మన్ సర్టిఫికెట్ దారి తెరుచుకుంటుంది. సింగరేణిలో జేఎంఈటీ, అంటే జూనియర్ మైనింగ్ ఇంజినీర్ ట్రైనీ పోస్టులు వీళ్లకు ఉన్నాయి. ఇంకా చదవాలనుకుంటే ఈసెట్‌లో మైనింగ్ పేపరు రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

మైనింగ్ బీటెక్. కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్ 1978లో మొదలైంది. మంథని జేఎన్‌టీయూ కాలేజీలోనూ, రాజమండ్రి దగ్గర కూడా ఈ కోర్సు ఉంది. జేఈఈ ర్యాంకు బాగుంటే ధన్‌బాద్ ఐఐటీ, ఖరగ్‌పూర్, బీహెచ్‌యూ, సూరత్కల్, రూర్కెలా. ధన్‌బాద్ సంస్థ 1926 నాటిది, 2016లో ఐఐటీ అయింది. గేట్‌లో మైనింగ్‌కు ఎంఎన్ అనే పేపరు ఉంది. కోల్ ఇండియా మేనేజ్‌మెంట్ ట్రైనీలను ఆ మార్కుల మీద తీసుకుంటూ వస్తోంది. మొదటి ఏడాది నుంచే గేట్ మీద కన్నుంచండి.

భూగర్భ శాస్త్రంలో ఎంఎస్సీ చేసినవాళ్ల దారి వేరు, దాని గురించి కింద రాశాం.

మూడో అడుగు: భూగర్భ గని నిచ్చెన, ఒక్కో మెట్టు మీద పని

కింది మెట్టు మజ్దూర్. దుంగలు, బోల్టులు మోయడం, టబ్బులు నెట్టడం, బెల్టు కింద పడ్డ బొగ్గు ఎత్తడం, పైపులు వేయడం. ఇక్కడి నుంచి టబ్బులు లాగే హాలేజ్ ఆపరేటర్, బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ లేదా ఎల్‌హెచ్‌డీ యంత్రాల ఆపరేటర్, పంపు ఆపరేటర్, సపోర్టు మెన్‌గా మారవచ్చు. చాలామంది అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే షిఫ్టు అయ్యాక పుస్తకం పట్టే ఓపిక ఉండదు. పైకి రావాలనుకుంటే మొదటి రెండు మూడేళ్లలోనే రెండు చిన్న కాగితాలు సంపాదించుకోండి. ఒకటి సెయింట్ జాన్ అంబులెన్స్ ప్రథమ చికిత్స సర్టిఫికెట్, రెండోది గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్. ఈ రెండూ లేకుండా సర్దార్ పరీక్ష వైపు చూడలేరు.

గ్యాస్ టెస్టింగ్‌లో ఎక్కువ మంది తప్పేది ప్రాక్టికల్‌లో. మీథేన్ గాలి కంటే తేలిక కనుక పైకప్పు దగ్గర చేరుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. సేఫ్టీ ల్యాంపుతో చూసేటప్పుడు ముందు మామూలు మంటతోనే దీపాన్ని మెల్లగా పైకి తీసుకెళ్లాలి. మంట సాగితే గ్యాస్ పోగైందని అర్థం, అక్కడి నుంచి దీపాన్ని అంతే మెల్లగా కిందికి దించాలి. మంట సాగకపోతే వత్తి తగ్గించి, పసుపు వెలుగు కనీకనిపించకుండా పోయేదాకా దించి, మంట మీద కనిపించే నీలి టోపీ ఎత్తు చూసి శాతం చెప్పాలి. పరీక్షలో రెండు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. కళ్లు చీకటికి అలవాటు పడకముందే చూడటం ఒకటి. కంగారులో వత్తి ఎక్కువ దించి దీపం ఆర్పేసుకోవడం రెండోది. 1.25 శాతం అనే అంకె నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. అది దాటితే కరెంటు తీసేయాలి, పేలుళ్లు ఆపాలి, మనుషుల్ని బయటికి పంపాలి.

తర్వాత షాట్‌ఫైరర్, సర్దార్. ఉత్పత్తి మీద కూలి వచ్చే మనిషిని షాట్‌ఫైరర్‌గా పెట్టకూడదని నిబంధన. పేల్చిన బొగ్గును బట్టి డబ్బు వస్తే తొందరపడతాడని ఆ జాగ్రత్త. సర్దార్ అంటే ఒక డిస్ట్రిక్టుకు కాపలా కన్ను. షిఫ్టు మొదలయ్యే ముందు పని స్థలాలు తిరిగి, గ్యాస్ చూసి, కర్రతో పైకప్పు కొట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. డొల్ల శబ్దం వస్తే ఆ చోటికి అడ్డు కట్టి, ఎవరినీ పోనివ్వకుండా, సపోర్టు వేయించాకే పని మొదలుపెట్టించాలి. రాసే రిపోర్టులో "అంతా బాగుంది" అని అలవాటుగా రాయడం ప్రమాదకరమైన పని. ప్రమాద విచారణలో మొదట తెరిచేది ఆ పుస్తకమే.

ఓవర్‌మన్ చేతిలో ఆ షిఫ్టు మొత్తం ఉంటుంది. ముగ్గురు నలుగురు సర్దార్ల పని చూడాలి, గాలి సరిగ్గా మలుపు తిరుగుతోందా చూడాలి, సపోర్టు సామాను ఉందా చూడాలి. గాలి లెక్క ఇలా ఉంటుంది. ఆ డిస్ట్రిక్టులో అతి పెద్ద షిఫ్టులో పనిచేసే ప్రతి మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు, లేదా రోజుకు తీసే ప్రతి టన్ను బొగ్గుకు నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఉదాహరణకు పెద్ద షిఫ్టులో 60 మంది, రోజుకు 300 టన్నులు అనుకోండి. మనుషుల లెక్కన 360, బొగ్గు లెక్కన 750. అంటే 750 రావాలి. ఓవర్‌మన్ ఇంటర్వ్యూలో ఈ లెక్క నోటితో అడుగుతారు. తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

అండర్ మేనేజర్, అసిస్టెంట్ మేనేజర్, ఆపైన మేనేజర్. మేనేజర్ కుర్చీకి సర్టిఫికెట్ తప్పనిసరి. గుర్తింపు ఉన్న మైనింగ్ డిగ్రీ ఉంటే మేనేజర్ పరీక్షలో చాలా పేపర్ల నుంచి మినహాయింపు ఉంటుంది, గనుల నిర్వహణ, చట్టాలు, భద్రత పేపరు మాత్రం అందరూ రాయాలి. ఆ పేపరుకు చట్టం బట్టీ పడితే సరిపోదు. ఒక్కో నిబంధన ఏ ప్రమాదం నుంచి పుట్టిందో తెలుసుకుంటే మరిచిపోరు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా బొగ్గు గనిలో నీళ్లు ముంచుకొచ్చి 375 మంది చనిపోయారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో అదే రకంగా 17 మంది పోయారు. నీళ్లు నిండిన పాత పనికి, అంటే తవ్వి వదిలేసిన చోటికి, 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా వెళ్లకూడదన్న నిబంధన చదివేటప్పుడు వాళ్లు గుర్తుండాలి.

మేనేజర్ స్థాయిలో పైకప్పు గురించి మాట్లాడాలంటే ఆర్‌ఎంఆర్, అంటే పైకప్పు రాయి ఎంత గట్టిదో మార్కుల్లో చెప్పే లెక్క, రావాలి. ఐదు అంశాలకు మార్కులు వేస్తారు: పొర మందం 30, నిర్మాణ లోపాలు 25, నీటికి నాని శిథిలమయ్యే గుణం 20, రాతి బలం 15, ఊట నీరు 10. మొత్తం 100. ఆ మార్కును బట్టి పైకప్పులో దించే బోల్టు ఎంత పొడవు, ఎంత దూరంలో అనేది తేలుతుంది. బోల్టు వేసి వదిలేస్తే కాదు, లాగి చూడాలి. బోల్టును పట్టి ఉంచే క్యాప్సూల్ పాతదైనా, రంధ్రం కడగకపోయినా బోల్టు పట్టదు. పైకి చూస్తే మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది.

నాలుగో అడుగు: ఓపెన్‌కాస్టు

ఇక్కడ ముఖ్యమైన ఉద్యోగాలు డ్రిల్ ఆపరేటర్, బ్లాస్టింగ్ సిబ్బంది, షవల్, డోజర్, గ్రేడర్, డంపర్ ఆపరేటర్లు. డంపర్‌కు హెవీ లైసెన్సు ఉంటే చాలనుకుంటారు. లారీ తోలిన అలవాటే మొదటి ఇబ్బంది. వంద టన్నుల డంపర్ ముందు, కుడిపక్కన మనిషి నిలబడినా సీటు నుంచి కనపడడు. అందుకే దాని దగ్గరికి జీపు తీసుకెళ్లే ముందు ఆపరేటర్‌తో మాట కలపాలి. గని రోడ్డు వాలు మామూలుగా 16కి 1 కంటే ఎక్కువ ఉండకూడదు, చిన్న ర్యాంపుల మీద 10కి 1 దాకా. లోడుతో దిగేటప్పుడు ముందే తక్కువ గేరు వేసుకుని దిగడం, బండి వేగాన్ని అదుపు చేసే రిటార్డర్ వాడటం నేర్చుకోకుండా బ్రేకు మీదే ఆధారపడితే అవి వేడెక్కి పట్టు వదులుతాయి. ఓబీ (బొగ్గు మీద నుంచి తీసిన మట్టి, రాయి) డంపు అంచున అన్‌లోడ్ చేసేటప్పుడు మట్టి కట్ట లేకపోతే వెనక్కి వెళ్లకండి. సూపర్‌వైజరు చెప్పినా సరే.

ఐదో అడుగు: బొగ్గు తీయని, కానీ గని నిలిపే పనులు

సర్వేయర్. ఈ ఉద్యోగానికీ డీజీఎంఎస్ సర్టిఫికెట్ కావాలి. పైన చెప్పిన రెండు వరదలూ సర్వేయర్ పని ఎంత బరువైనదో చెబుతాయి. పాత పని ఎక్కడ ఆగిందో ప్లాన్‌లో తప్పుంటే, కొత్త గ్యాలరీ (సొరంగ దారి) నీళ్లలోకి తెరుచుకుంటుంది. టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం, డ్రోన్ వచ్చాక పని వేగం పెరిగింది, బాధ్యత మాత్రం అదే. లెక్క మీద శ్రద్ధ, నిదానం ఉన్నవాళ్లకు నిలకడైన వృత్తి. ఎందుకోగానీ దీని గురించి పిల్లలకు ఎవరూ చెప్పరు.

జియాలజిస్టు. యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే భారత భూవిజ్ఞాన సర్వే. హైదరాబాదులోనే ప్రధాన కార్యాలయం ఉన్న అణు ఖనిజ సంస్థ ఏఎండీ మరో దారి. గనుల్లో అయితే బోరు దగ్గర కోర్, అంటే బోరులోంచి పైకి తీసిన రాతి కడ్డీ, చూడటం నుంచి మొదలు. కోర్ ఎన్ని మీటర్లు తవ్వితే ఎంత చేతికొచ్చిందో నిజాయితీగా రాయాలి. బాక్సులో ముక్కలు తారుమారైతే బొగ్గు పొర లోతు తప్పి, మొత్తం నిల్వ లెక్క తప్పుతుంది.

ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజినీర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు లేకుండా పంపు నడవదు, ఫ్యాను తిరగదు. గ్యాస్ ఉండే చోట పేలుడు తట్టుకునే కవచాలున్న పరికరాలే వాడాలి. మూత బోల్టు ఒక్కటి వదులైనా ఆ కవచం పనికిరాదు. అలాగే రెస్క్యూ శిక్షణ పొందిన వ్యక్తి అవడం గురించి ఆలోచించండి. ఆక్సిజన్ పరికరం వేసుకుని పొగలో పనిచేసే శిక్షణ అది. ఒళ్లు దిట్టంగా ఉన్నవాళ్లను తీసుకుంటారు, అలవెన్సు ఉంటుంది, గనిలో గౌరవం ఇంకా ఎక్కువ ఉంటుంది.

మహిళలకు చాలా కాలం భూగర్భ గని దారి మూసి ఉండేది. 2019లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 మధ్య దిగడానికి అనుమతి వచ్చింది. ఓపెన్‌కాస్టులో వాళ్ల రాతపూర్వక సమ్మతితో రాత్రి షిఫ్టు కూడా చేయవచ్చు. కాబట్టి మైనింగ్ డిప్లొమా, బీటెక్ చదివే అమ్మాయిలు అనుభవం ఎలా వస్తుందని భయపడనక్కర్లేదు. గనిలో దుస్తులు మార్చుకునే గది, మరుగుదొడ్డి ఉన్నాయా అని శిక్షణకు ముందే అడగండి. అది మీ హక్కు.

ఆరో అడుగు: ఒళ్లు, వయసు, శిక్షణ

18 ఏళ్లు నిండనివాళ్లను గనిలో పనికి పెట్టకూడదు. అప్రెంటిస్‌లకు 16 నుంచి వీలుంది. చేరేముందు వైద్య పరీక్ష ఉంటుంది: ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పరీక్ష, వినికిడి, చూపు, బీపీ. మొదటి ఎక్స్‌రే కాపీ మీ దగ్గర పెట్టుకోండి. పదిహేనేళ్ల తర్వాత ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందని తేలితే, అది గనిలోనే వచ్చిందని చూపడానికి ఆ కాపీయే ఆధారం. తర్వాత కూడా నిర్ణీత కాలానికి ఒకసారి మళ్లీ పరీక్షిస్తారు, దాన్ని తప్పించుకోకండి. గ్రానైట్, క్వార్ట్జ్ పనిలో సిలికా దుమ్ము వల్ల వచ్చే జబ్బు బొగ్గు దుమ్ము కంటే త్వరగా ముదురుతుంది. అక్కడ తడి డ్రిల్లింగ్ లేని క్వారీలో పని ఒప్పుకోవద్దు.

వీటీసీ (వృత్తి శిక్షణ కేంద్రం) శిక్షణ చట్టం ప్రకారం ప్రతి కొత్త మనిషికీ ఇవ్వాలి, కాంట్రాక్టు కార్మికుడికి కూడా. శిక్షణ ఇవ్వకుండా సంతకం పెట్టించుకుని దింపేవాళ్లు ఉంటారు. పెట్టొద్దు.

జీతం సంగతి. బొగ్గు కార్మికులకు జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం కేటగిరీలు ఉంటాయి. 11వ ఒప్పందం 2021 జులై 1 నుంచి అమలు. మేనేజ్‌మెంట్ ట్రైనీలు ఈ2 గ్రేడులో, 50,000 నుంచి 1,60,000 స్కేలులో చేరతారు. కాంట్రాక్టు పనిలో ఈ ఒప్పందపు జీతం ఉండదు కనుక అక్కడ సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్) ఖాతా నంబరు, వీటీసీ కాగితం, హాజరు రిజిస్టరులో మీ పేరు ఉన్నాయా చూసుకోండి. ఈ మూడూ లేని చోట ఎన్నేళ్లు చేసినా, లెక్కలోకి రాదు.

ఏడో అడుగు: కాగితాల సంచి

మొదటి రోజు నుంచే ఒక ఫైలు పెట్టండి. ఎస్సెస్సీ మెమో మీద పేరు, పుట్టిన తేదీ, ఆధార్ మీదివి అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ముందు, వెనక అయితే పరీక్ష దరఖాస్తు అక్కడే ఆగుతుంది. అనుభవ ధ్రువపత్రం మీద గని పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పని, భూగర్భమా ఓపెన్‌కాస్టా, అన్నీ స్పష్టంగా ఉండాలి. దాని మీద సంతకం ఆ గని మేనేజర్‌ది అయ్యుండాలి, కాంట్రాక్టర్‌ది పనికిరాదు. బదిలీ అయిన రోజే తెచ్చుకోండి. మేనేజర్ మారిపోయాక, గని మూతపడ్డాక ఆ సంతకం కోసం తిరగడం నెలల పని.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లు కోల్‌బెల్టులో ప్రతి ప్రకటన సమయంలో పుట్టుకొస్తారు. బయటి నియామకాల్లో రాత పరీక్ష మార్కులే లెక్క. ఆ డబ్బుతో కోచింగు తీసుకుని, సేఫ్టీ ల్యాంపు పట్టుకుని రెండు నెలలు సాధన చేసినా గ్యాస్ టెస్టింగ్ పరీక్ష గట్టెక్కవచ్చు.